నెవాడా వీధిలో మంగళవారం భోజనం

ఫ్రీగా భోజనం పెడతారంటే వెళ్ళాను. దానికి వేరే కారణాలు చెప్పి గొప్పలు పోను. 2022 ఆగస్టులో ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా-షాంపేన్ క్యాంపస్‌లో లైబ్రరీ సైన్స్ మాస్టర్స్‌కి చేరాను. ప్రతి డాలర్‌నీ ఎనభైతో గుణించుకుని గుండె పట్టుకునే రోజులవి. గ్రీన్ స్ట్రీట్‌లో ఒక బరీటో తింటే ఎనిమిదొందలు పోయినట్టే. అలాంటప్పుడు క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి, మంగళవారం మధ్యాహ్నం నెవాడా వీధిలో లంచ్ పెడతారు, ఎవరైనా రావచ్చు అని చెప్పింది. ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు అని అడగలేదు. ఎన్నింటికి అని మాత్రం అడిగాను.

ఈ మధ్య కొత్తగా అడ్మిషన్ వచ్చిన జూనియర్లు మెసేజులు పెడుతున్నారు. ఇల్లెక్కడ చూసుకోవాలి, ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోవాలా, చలికోటు అక్కడే కొనాలా, ఇవే ఎక్కువ. ఒకమ్మాయి మాత్రం వేరేది అడిగింది. "అక్కా, ఏషియన్ అమెరికన్ కల్చరల్ సెంటర్ అని ఉంది కదా, అది అక్కడ పుట్టినవాళ్ళకేనా? మనలాంటోళ్ళు వెళ్తే ఏమన్నా అనుకుంటారా?" మెసేజ్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఈ పోస్టు.

నెవాడా వీధి చిన్నదే. క్రానర్ట్ సెంటర్ దగ్గర్నుంచి దక్షిణంగా కాస్త నడిస్తే వస్తుంది. మంగళవారం భోజనం పెట్టే ఏషియన్ అమెరికన్ సెంటర్‌ని యూనివర్సిటీ 2005లో తెరిచింది. దాని పక్కనే బ్రూస్ నెస్బిట్ ఆఫ్రికన్ అమెరికన్ కల్చరల్ సెంటర్. సంస్థ 1969 నాటిది, ఇప్పుడున్న భవనం మాత్రం 2019లో వచ్చింది. లాటినో విద్యార్థుల సెంటర్ లా కాసా కల్చురల్ లాటినా 1974లో మొదలైంది, అదీ ఈ వీధిలోనే. 2002లో పెట్టిన నేటివ్ అమెరికన్ హౌస్ కూడా ఇక్కడే. ఒక్కోరోజు ఒక్కోచోట మధ్యాహ్నం భోజనం, దాంతోపాటు ఎవరో ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడటం. డబ్బులు చూసుకుని బతికే స్టూడెంట్లు ఏ రోజు ఏ ఇంట్లో భోజనమో టైమ్‌టేబుల్ రాసుకునేవాళ్ళు. నా ఫోన్లోనూ ఉండేది ఆ టైమ్‌టేబుల్.

మొదటిసారి వెళ్ళినప్పటి విషయం, ఇళ్ళల్లో డబ్బు గురించి ఎలా మాట్లాడుకుంటారు అన్నది. నేను వెనక కుర్చీలో ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. విస్కాన్సిన్ నుంచి వచ్చిన మాంగ్ (Hmong) తెగ అబ్బాయి మాట్లాడాడు. వాళ్ళ తాతలు లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చారట. పదేళ్ళ వయసు నుంచీ ఇంటికి వచ్చే కరెంటు బిల్లులు, ఇన్సూరెన్స్ ఉత్తరాలు వాడే చదివి ఇంట్లోవాళ్ళకి చెప్పేవాడట. చికాగో శివార్లలో పెరిగిన ఫిలిపినో అమ్మాయి, వాళ్ళమ్మ నర్సు, రెండు షిఫ్టులు చేసి మనీలాలో తమ్ముళ్ళని చదివించిందని చెప్పింది. ఎవరి చేతా బలవంతంగా మాట్లాడించలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను రెండోసారి అన్నం వడ్డించుకుని మళ్ళీ వెనక్కి వచ్చి కూర్చున్నాను. మా అమ్మ మిర్చి కల్లాల్లో కూలికి పోయి వచ్చిన డబ్బుల్ని ఏ డబ్బాలో దాచేదో అప్పుడు గుర్తొచ్చింది. చెప్పలేదు. చెప్పాలనిపించిందన్నది మాత్రం నిజం.

ఇక్కడ మన ఇంటి సంగతి చెప్పాలి. మన ఇల్లంటే, నలుగురం తెలుగమ్మాయిలం ఉన్న అపార్ట్‌మెంటు.

మన సీనియర్ల గురించి చెడుగా చెప్పడానికి నాకు నోరు రాదు. చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో దిగిన దగ్గర్నుంచి ఏ బస్సెక్కాలో, సిమ్ ఎక్కడ తీసుకోవాలో అర్ధరాత్రి ఫోన్లో చెప్పినవాళ్ళు వాళ్ళే. మొదటి వారం పరుపు లేకపోతే వాళ్ళ పరుపు ఇచ్చారు. కందిపప్పు, చింతపండు, పోపు గింజలు, అన్నీ సిద్ధం. ఏ సెంటరూ అంత పని చెయ్యదు, చెయ్యలేదు కూడా. తెలుగు సంఘాల మీద జోకులేసేవాళ్ళు ఒకసారి జ్వరం వచ్చి ఆ ఊళ్ళో ఒంటరిగా పడి ఉంటే తెలుస్తుంది, రసం తెచ్చిపెట్టేది ఎవరో.

అయితే ఆ ఇంట్లో రెండో వారంలోనే లోన్ల ముచ్చట వచ్చింది. ఎవరు ఏ బ్యాంకు, వడ్డీ ఎంత, ఏ ఇల్లు తాకట్టు పెట్టారు. నాకు కూడా లోను ఉంది, కానీ చిన్నది. పెద్ద భాగం తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకిచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి. ఇరవై లక్షలు. మా ఇంటికి తాకట్టు పెట్టేంత విలువ లేదు. "నీదెంత?" అని అడిగితే "అందరిలాగే" అని గిన్నెలు కడగడానికి లేచాను. విద్యానిధి అన్నానంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు, కులం దానంతటదే తెలిసిపోతుంది.

అయినా తెలిసింది. ఒకమ్మాయి వాళ్ళమ్మ వీడియో కాల్‌లో పలకరించింది. "ఏ ఊరమ్మా మీది?" ఖమ్మం ఆంటీ. "ఖమ్మంలో ఎక్కడ?" మధిర దగ్గర. "ఇంటిపేరు?" చెప్పాను. "మీరేమిట్లమ్మా?" అని నాలుగోది అడగాల్సిన అవసరం ఆమెకి రాలేదు. "మంచిది, బాగా చదువుకో తల్లీ" అంది. ఆ తర్వాతి వారం వంట వంతులు మారాయి. "నువ్వు క్లాసులతో బిజీ కదా, కూరగాయలు కోసిపెట్టు చాలు, వంట మేం చూసుకుంటాం" అన్నారు. మాటలో ఎక్కడా కరుకు లేదు. అసలు దాన్ని పట్టుకుని ఏమని అడుగుతాం? క్లాసులు వాళ్ళకీ ఉన్నాయి. నేను కోసిన ఉల్లిపాయలు పనికొస్తాయి, నేను తిప్పిన గరిటె పనికిరాదు. ఇంతకంటే దానికి రుజువేమీ నా దగ్గర లేదు.

ఆ తర్వాత మంగళవారాలు నాకు భోజనం ఒక్కటే కాకుండా పోయాయి. క్లాసు లేని మధ్యాహ్నాలు వెళ్ళి ఆ ఇంట్లో సోఫాలో కూర్చుని అసైన్‌మెంట్లు రాసుకునేదాన్ని. రెండో ఏడాది ముందు గదిలో డెస్క్ దగ్గర ఉద్యోగం కూడా దొరికింది. ఎఫ్-1 వీసా మీద చదువుకునేటప్పుడు సెమిస్టర్‌లో వారానికి ఇరవై గంటలు మించి పనిచెయ్యకూడదు కదా, అందులో కొన్ని గంటలు అక్కడ. వచ్చినవాళ్ళకి నమస్తే చెప్పడం, గదుల బుకింగ్ చూడటం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం, భోజనం వచ్చినప్పుడు ట్రేల ముందు చీటీలు పెట్టడం. గుడ్డు ఉంది, వేరుశనగ ఉంది, హలాల్, పంది మాంసం, ఉల్లి వెల్లుల్లి లేనిది. ఈ చీటీల పని చిన్నదని నవ్వుకోకండి. కడప నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి ఒకతి మొదటిరోజు చీటీలు చదువుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా ప్లేటు నింపుకుని వెళ్ళి కూర్చుంది. తర్వాత నాతో అంది, "మన గెట్‌టుగెదర్లలో ప్రతిసారీ చికెన్ ఎక్కడిదని అడగాలి. అడిగినప్పుడల్లా అందరూ నావైపు చూస్తారు." ఆమె ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. కడప యాసలో ఆమె తెలుగు వింటుంటే నా తెలుగు అట్టముక్కలా ఉండేది. అయినా ఉగాదికి ఆమెని పిలవాలని మనవాళ్ళలో ఎవరికీ తోచలేదు. పగతో కాదు, తోచలేదంతే.

ఇంకో అబ్బాయి ఉన్నాడు. ఊరు చెబితే గుర్తుపట్టేస్తారు కాబట్టి చెప్పను. వాడికి అబ్బాయిలంటే ఇష్టమని క్యాంపస్‌లో తెలిసిన తెలుగువాళ్ళలో నేనొక్కదాన్నే. ఇల్లినై యూనియన్ అనే విద్యార్థుల భవనంలో ఎల్‌జీబీటీ విద్యార్థుల కోసం వేరే సెంటర్ ఉంది. కానీ వాడు మొదట అక్కడికి వెళ్ళడానికి భయపడ్డాడు. ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్తుంటే ఎవరైనా చూస్తే? నెవాడా వీధిలో ఆ బెంగ లేదు. లంచ్‌కి వచ్చానంటే సరిపోయింది. అక్కడ ఉద్యోగం చేసే ఒకామె వాడితో నాలుగైదు వారాలు మామూలు కబుర్లే చెప్పి, ఒకరోజు తనే వెంటబెట్టుకుని యూనియన్‌కి తీసుకెళ్ళింది. మన దేశంలో 377 సెక్షన్‌లో స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే భాగాన్ని 2018లోనే సుప్రీంకోర్టు కొట్టేసిందని వాడికి తెలుసు. దానివల్ల వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడటం తేలికేమీ అవ్వలేదు.

ఇలాంటి సెంటర్లు ఎలా పనిచేస్తాయని ఎవరైనా అడిగితే, నాకు కనిపించిన సంగతి ఇది. అక్కడ జీతం తీసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునే మనుషులుంటారు. వాళ్ళకి ఒక ఇల్లు, దానికి తాళాలు ఉంటాయి. పండగలు, పోస్టర్లు, డాన్సులు చేసుకోవడానికి స్టూడెంట్ సంఘాలు చాలు. మన పిల్లలు పరీక్షలొస్తే, ఇంటర్న్‌షిప్పొస్తే సంఘం పనులు వదిలేసి పోతారు, పోవాలి కూడా. జీతగాళ్ళు పోరు. కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ ఎలా తీసుకోవాలో, ఇంటి ఓనరు డిపాజిట్ ఇవ్వకపోతే ఎవరిని కలవాలో, ప్రొఫెసర్ మీద ఫిర్యాదు చెయ్యాలా వద్దా, ఇవన్నీ వాళ్ళకి ఏళ్ళ తరబడి విన్న కథలే. వీసా సంగతులు మాత్రం వాళ్ళని అడక్కండి. ఐ-20 (స్టూడెంట్ వీసాకి కావాల్సిన కాగితం), ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు వేరే.

కులం గురించి వాళ్ళకీ తెలియదు. ఇది కూడా చెప్పాలి. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లోనే వివక్ష కూడదన్న తన నియమాల్లో కులాన్ని చేర్చింది, అమెరికాలో అదే మొదటిది. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన 23 క్యాంపస్‌లకీ చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది. సియాటిల్ వార్త వచ్చిన వారం మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. అమెరికాలో కులమెక్కడుంది, ఇదంతా హిందువుల పరువు తియ్యడానికే అని పెద్ద పెద్ద ఫార్వర్డులు. నేను సెంటర్‌లో ఆ ఉద్యోగి దగ్గరికి వెళ్ళి, దీని మీద ఒక మంగళవారం పెట్టండి అన్నాను. ఆమె ముందు నన్ను నాలుగు ప్రశ్నలడిగింది. కులం అంటే జాతా, వృత్తా, మతమా అని. నాకు విసుగొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరికి వేల మంది ఇండియన్లు వచ్చిపోతున్నారు, ఒక్కరూ చెప్పలేదా? చెప్పినవాళ్ళు లేరు, ఎందుకంటే చెప్పాల్సినవాళ్ళు నాలాగే గిన్నెలు కడగడానికి లేచిపోయి ఉంటారు.

ఆమె చేసిన మంచి పని ఒకటుంది. "నువ్వు మాట్లాడతావా" అని అడగలేదు. "నువ్వు మాట్లాడక్కర్లేదు, మాట్లాడేవాళ్ళని నేను వెతుకుతాను" అంది. వేరే డిపార్ట్‌మెంటు నుంచి ఒక ప్రొఫెసర్‌ని పిలిచారు. నేను ఎప్పట్లాగే వెనక కుర్చీలో ప్లేటు పట్టుకుని కూర్చున్నాను. కులం లేదన్న గ్రూపుల్లోంచి ఇద్దరు వచ్చి గట్టిగా వాదించారు, వాదించనిచ్చారు. నేపాలీ కుర్రాడొకడు, పంజాబీ అమ్మాయి ఒకతి వాళ్ళ వాళ్ళ సంగతులు చెప్పారు. అన్నీ అయ్యాక ట్రేలు సర్దుతుంటే, అంతదాకా మూలన కూర్చున్న నల్గొండ కుర్రాడు, కంప్యూటర్ సైన్స్ వాడు, దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "అక్కా, మీరు స్వేరోనా?"

తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్ళు తమని తాము స్వేరో అని పిలుచుకుంటారు, వాళ్ళకి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. నేను ఐదో తరగతి నుంచీ గురుకులమే. ఆ సాయంత్రం ఇద్దరం బస్టాపులో నిలబడి, నీది ఏ గురుకులం, వార్డెన్ మేడమ్ ఎవరు, ఆదివారం గుడ్డు పెద్దదిచ్చేవాళ్ళా చిన్నదిచ్చేవాళ్ళా అని మాట్లాడుకున్నాం. మూడు బస్సులు పోనిచ్చాం. ఒకే క్యాంపస్‌లో అప్పటికి ఏడు నెలలుగా ఉన్నాం, ఒకే గ్రూపుల్లో ఉన్నాం, ఒకే దీపావళికి వెళ్ళాం. ఒకరికొకరం తెలియదు. తెలిసే వీలు ఆ గ్రూపుల్లో లేదు.

అర్బానాలో లైబ్రరీ సైన్స్ చదివినందుకు నాకు ఇంకో లాభం కలిగింది. యూనివర్సిటీకి స్టూడెంట్ లైఫ్ అండ్ కల్చర్ ఆర్కైవ్స్ అని ఉంది, విద్యార్థుల జీవితానికి సంబంధించిన కాగితాలు మాత్రమే దాచిపెట్టే చోటు. క్లాసు పని మీద అక్కడికి వెళ్ళి 1968 నాటి ఫోల్డర్లు తెప్పించుకుని చూశాను. నల్లజాతి విద్యార్థులు ఆ క్యాంపస్‌లో అప్పటికి నూటికి ఒక్కరు. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపాక, ఉన్న కొద్దిమందీ పట్టుబట్టడంతో కనీసం ఐదొందల మందిని తీసుకుంటామని యూనివర్సిటీ ఒప్పుకుంది. ప్రాజెక్ట్ 500 అన్నారు. ఆ ఎండాకాలం స్టూడెంట్లే చికాగోలోనూ వేరే ఊళ్ళలోనూ తిరిగి పిల్లల్ని పోగుచేశారు. సెప్టెంబరుకి 565 మంది వచ్చారు.

వచ్చాక ఏమైంది? ఓరియెంటేషన్‌లో మంచి గదులిచ్చి, అవి అయ్యాక వేరే గదులకి మారమన్నారు. ఇస్తామన్న డబ్బుల సంగతి తేలలేదు. సెప్టెంబరు 9 రాత్రి ఇల్లినై యూనియన్‌లో గుమిగూడి, మాకు జవాబు చెప్పేదాకా కదలం అన్నారు. తెల్లవారేసరికి 240 మందికి పైగా అరెస్టు. పేపర్లు అల్లర్లని రాశాయి. కేసుల్లో చాలావరకు తర్వాత కొట్టేశారు. ఆ పేపర్ కటింగుల్లో నన్ను ఎక్కువగా ఆపింది అరెస్టుల ఫొటోలు కాదు. మార్కులు లేకపోయినా చేర్చుకున్నారు, వీళ్ళ వల్ల చదువు ప్రమాణం పడిపోతుంది అన్న వాదనలు. ఇంగ్లీషులో ఉన్నా నాకు తెలుగులోనే వినపడ్డాయి. ఇంటర్‌లో మా లెక్చరర్ ఒకాయన క్లాసులోనే అన్న మాటలవి.

నెస్బిట్ సెంటర్‌గా ఇప్పుడు మనకి కనిపించేది ఆ తర్వాతి ఏడాది, 1969లో, అలా మొదలైంది. ఎవరో పెద్దమనుషులు కూర్చుని పిల్లలు ఒంటరిగా ఫీలవుతున్నారు పాపం అని ఇచ్చింది కాదు. 1992లో లాటినో విద్యార్థులు అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్‌లో బైఠాయిస్తే పోలీసులు వచ్చారు. మన ఏషియన్ సెంటర్ 2005 దాకా రాలేదంటే, అడిగినవాళ్ళు ఎంతకాలం అడుగుతూ ఉండి ఉంటారో లెక్కేసుకోండి. మనం వెళ్ళి తినే ఫ్రైడ్ రైస్ వెనక ఎవరి అరెస్టులున్నాయో తెలిశాక, అది వాళ్ళది కదా మనం వెళ్ళొచ్చా అన్న ప్రశ్న నాకు ఇంకోలా వినపడింది. ఆ మొదటి ఇంటివాళ్ళు తలుపు తీసి పెట్టకపోతే పక్కింటి తలుపు అసలు ఉండేది కాదు.

నేటివ్ అమెరికన్ హౌస్ సంగతి ఇంకా వింత. ఈ యూనివర్సిటీకి చీఫ్ ఇల్లినివెక్ అని ఒక గుర్తు ఉండేది. ఒక స్టూడెంట్ ఈకల టోపీ పెట్టుకుని ఆటల మధ్యలో గంతులు వేసేవాడు. 2007 ఫిబ్రవరిలో ఆపించారు. ఆపించి పదిహేనేళ్ళు దాటాక కూడా ఆ బొమ్మ ఉన్న టీషర్టులు ఫుట్‌బాల్ రోజుల్లో గ్రీన్ స్ట్రీట్ నిండా కనిపించేవి. ఆ నేల మనుషుల్ని ఒకప్పుడు మిసిసిపీ దాటించి పంపేశారు. వాళ్ళ పేరుతో రాష్ట్రం, వాళ్ళ బొమ్మతో టీషర్టు, వాళ్ళ పిల్లలకి క్యాంపస్‌లో ఒక్క ఇల్లు.

ఇంత చెప్పాక సెంటర్ లోపాలు కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆసియా అంటే వాళ్ళ లెక్కలో తూర్పు ఆసియా కాస్త ఎక్కువ. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చికాగో శివార్లలో పుట్టి పెరిగినవాళ్ళు. నేపర్‌విల్ నుంచి వచ్చిన తెలుగమ్మాయిలు ఉండేవాళ్ళు. అరోరా బాలాజీ గుడిలో కూచిపూడి చేసినవాళ్ళు, నాయనమ్మతో తప్ప తెలుగు మాట్లాడనివాళ్ళు. వాళ్ళ బాధ, ఇంటి దగ్గర అమెరికన్, బయట ఇండియన్ అని. నా బాధ వాళ్ళకి సరిగ్గా ఎక్కలేదు, వాళ్ళది నాకూ ఎక్కలేదు. మాస్టర్స్ చదివే మన మగపిల్లలు ఆ గడప తొక్కడమే అరుదు. ల్యాబ్ ఉందనో, లీట్‌కోడ్‌లో కోడింగ్ సాధన చెయ్యాలనో. శని ఆదివారాలు, క్రిస్మస్ సెలవుల్లో, అంటే మనిషికి బాగా దిగులు పుట్టే రోజుల్లో, తలుపులు మూసే ఉంటాయి. దీపావళి సమోసా ఒకటి తీసుకుని కల్చర్ అయిపోయిందనుకునే కార్యక్రమాలూ ఉన్నాయి.

మన దగ్గర ఇలాంటివి లేవా అని నల్గొండ తమ్ముడు ఒకసారి అడిగాడు. కాగితం మీద ఉన్నాయి. ప్రతి కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలని యూజీసీ 2012లోనే నియమాలు పెట్టింది. నేను డిగ్రీ చదివిన కాలేజీలో దానికి బోర్డు ఉండేది, గదికి తాళం ఉండేది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు నేను హాస్టల్లో టీవీ ముందు నిలబడి చూశాను. అక్కడ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది, బలమైన సంఘం. అయితే సంఘంలో ఉన్నవాళ్ళూ స్టూడెంట్లే. సస్పెండ్ అయ్యేదీ వాళ్ళే, పరీక్షలు పోయేదీ వాళ్ళకే. వాళ్ళ పక్షాన మాట్లాడటమే ఉద్యోగమైన మనిషి ఆ భవనాల్లో ఎక్కడ కూర్చుంటాడో నాకు ఇప్పటికీ కనపడలేదు.

2024 మేలో చదువైపోయింది. డాలస్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చి టెక్సాస్ చేరాను. తెలుగు విషయంలో ఇక్కడ లోటేమీ లేదు. బిర్యానీ సెంటర్లు, గోంగూర, సినిమా రిలీజ్‌కి కార్ల ర్యాలీ, అన్నీ ఉన్నాయి. కానీ నేను వచ్చేసరికి ఆ ఏడాది జనవరి 1 నుంచీ ఎస్‌బీ 17 చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు డైవర్సిటీ ఆఫీసులు, అంటే నేను ఇంతదాకా చెప్పిన సెంటర్లలాంటివి, నడపకూడదు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ (యూటీ) ఆస్టిన్ క్యాంపస్‌లో మల్టీకల్చరల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ మూసేశారు. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో ఎల్‌జీబీటీక్యూ సెంటర్ పోయింది. యూటీ డాలస్‌లో పాత ఆఫీసుకి వేరే పేరు పెట్టి కొన్నాళ్ళు నడిపి, ఏప్రిల్‌లో దాన్నీ ఎత్తేశారు, ఇరవై దాకా ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది యూటాలో కూడా ఇలాంటి చట్టం వచ్చి, యూనివర్సిటీ ఆఫ్ యూటాలో బ్లాక్ కల్చరల్ సెంటర్ మూతపడింది.

యూటీ డాలస్‌లో ఎంతమంది మన పిల్లలున్నారో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళని అడిగితే చాలామందికి ఆఫీసు ఉండేదనీ తెలియదు, పోయిందనీ తెలియదు. "మాకేం తేడా లేదక్కా, మన అసోసియేషన్ ఉందిగా" అన్నాడొకడు. వాడన్నది నిజమే. స్టూడెంట్ సంఘాల జోలికి ఆ చట్టం వెళ్ళలేదు. బతుకమ్మ జరుగుతుంది, సంక్రాంతి ముగ్గులు పడతాయి, ఎయిర్‌పోర్టు పికప్పులు నడుస్తాయి. వంట వంతుల్లోంచి జరిగిపోయిన అమ్మాయి, చికెన్ ఎక్కడిదని అడగలేక పప్పన్నం తినే అమ్మాయి, ఊరు పేరు చెప్పకూడని ఆ అబ్బాయి, వీళ్ళకే తేడా. వాళ్ళు వచ్చి తేడా ఉందని ఎవరికి చెప్తారు?

జూనియర్ చెల్లికి నా జవాబు. వెళ్ళు. ఎవరూ ఏమీ అనుకోరు. నువ్వు అక్కడ పుట్టావా అని ఎవరూ అడగరు, ఇంటిపేరు అసలే అడగరు. ఇల్లినాయ్‌లో అయితే మంగళవారం మధ్యాహ్నం కాస్త ముందే వెళ్ళు, ఆలస్యమైతే వెజ్ అయిపోతుంది. మొదటి రెండు మూడుసార్లు ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు. రెండో సెమిస్టర్ మొదట్లో డెస్క్ ఉద్యోగాలకి అప్లికేషన్లు తీసుకుంటారేమో కనుక్కో. జీతం తక్కువే కానీ డెస్క్ దగ్గర చదువుకోవచ్చు. పక్కన నెస్బిట్ సెంటర్‌కి కూడా ఒకసారి వెళ్ళు, అక్కడ 1968 గురించి మాట్లాడే రోజుంటే వదులుకోకు. ప్రెషర్ కుక్కర్ మాత్రం ఇంటినుంచే తెచ్చుకో, మూడు లీటర్లది. రూమ్మేట్లతో వంట కుదరకపోతే ఒక్కదానివే వండుకోవడానికి సరిపోతుంది.